పేరు రాయని క్యాసెట్

కోదాడ,
14-9-1998.

రుక్మక్కకు నీ చెల్లెలు సాలి దండం పెట్టి రాయునది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అక్కడ నువ్వు, బావ, మీ అత్త సీతాబాయి, నీ కడుపులోని ఐదు నెలల బిడ్డ చల్లగా ఉన్నారని అనుకుంటున్నాను. అనుకోవడం కాదు, ఉండాలని నాలుగు రోజులుగా మొక్కుతున్నాను.

నీ ఉత్తరం అందింది. నాలుగు సంగతులు అడిగావు. దగ్గు తగ్గింది. హాస్టల్ అన్నం ఇంకా ముద్దముద్దగానే ఉంది, పప్పులో పప్పును వెతుక్కుంటున్నాం. మీ మిర్యాలగూడలో బావ పనిచేసే మిల్లు నూకలైనా ఇంతకంటే నయమని చెప్పు. దీపావళికి తండాకు తప్పక వస్తాను. ఇక నాలుగోది. అక్కడ నీ అక్షరాలు వంకరపోయాయి. "నువ్వు ఆ టీవీ ఆఫీసులనే ఉన్నవ్ గదా సాలీ. నా పెండ్లి ఏడుపును సావు ఏడుపని ఎట్ల సూపిచ్చిన్రు? నువ్వు సెప్పలేదా?" అన్నావు. దానికి జవాబు రాయడానికే కూర్చున్నాను. కొంచెం చుట్టు తిరిగి వస్తాను.

కేబుల్ వార్తలు ఎలా తయారవుతాయో ఒక రోజు చూసి రమ్మని కాలేజీ వాళ్లు నన్నూ, ఇక్కడి కోదాడ పిల్ల సత్యవతినీ సూర్యాపేట పంపారు. న్యూస్‌రూం అంటే అద్దాల మేడ అనుకున్నాను. సైకిల్ షాపు మీద రెండు గదులు! ఒక గదిలో నీలం గుడ్డ కట్టి దాని ముందు బల్ల, రెండో గదిలో టీవీ, రెండు వీసీఆర్‌లు. వార్తలు రాసేది, దిద్దేది, అందరినీ తిట్టేది అచ్చయ్య సారే. కెమెరా జవహర్‌ది. పెళ్లిళ్లు లేని రోజు వార్తలు తీస్తాడు, వార్తలు లేని రోజు పెళ్లిళ్లు. పోయిన ఎండాకాలం బావ పట్టుబట్టి నీ పెళ్లికి పెట్టించిన వీడియో ఆయనదే.

పొద్దున్నే అచ్చయ్య సార్ నాతో ఒక కాగితం చదివించారు. "గొంతు బాగున్నది బిడ్డా, యాస లేదు. డిగ్రీ అయినంక మా దగ్గర వార్తలు సదువుతవా? ఏ ఊరు మీది?" అన్నారు. నా కాళ్లు నేల మీద ఆనలేదు. "మిర్యాలగూడ సార్" అన్నాను. తండా అని నోటికి రాలేదు.

మధ్యాహ్నం దాకా నిలబడి నిలబడి పిక్కలు పట్టేశాయి. మూడింటికి ఫోన్ వచ్చింది. దామరచర్ల అవతల ఒక తండాలో చెడ్డ నీళ్లు తాగి ఇద్దరు పోయారట. జవహర్ వేరే పని మీద వెళ్లాడు, కెమెరా లేదు. ఆరున్నరకల్లా కోదాడకు ఒకటి, మిర్యాలగూడకు ఒకటి క్యాసెట్లు బస్సెక్కాలి. అక్కడి కేబుల్ వాళ్లు ఎనిమిదింటికి వేస్తారు. "బొమ్మ లేకుంటె వార్త ఎట్లయితది" అని సార్ బీరువాలో పేరు రాయని క్యాసెట్లన్నీ పెట్టి చూశారు. నాలుగో దాంట్లో నువ్వున్నావు.

ముసుగేసుకొని, మనల్ని కన్న యాడి మెడ పట్టుకొని ఢావ్లో పాట పాడుతున్నావు. అత్తారింటికి పోయే పిల్ల ఒక్కొక్కరి మెడ పట్టుకొని రాగం తీసి ఏడవాలని, ఏడవకుంటే పుట్టింటి మీద మాయ లేదంటారని ఆ గదిలో ఎవరికి తెలుసు? మేకల వెంట తిరుగుతూ నాకు ఆ రాగం నేర్పింది నువ్వే. టీవీలో యాడిని వదిలి, "సాలీ, ఓ సాలీ, ఇగ నీ జడ ఎవరల్లుతరే" అని మన మాటలో నన్ను పిలిచావు. రాగంలో సాగిన నా పేరును పక్కనే ఉన్న సత్యవతి కూడా పోల్చుకోలేదు.

"ఇది సావు ఇల్లే గదా? వీళ్ల భాష ఎవరికన్న ఎరుకేనా?" అన్నారు సార్.

"నాకు తెలీదండి" అంది సత్యవతి. సార్ నా వైపు తిరిగారు. తెలుసంటే, ఎలా తెలుసని అడుగుతారు. "తెలియదు సార్" అన్నాను.

"పోనీ. ఏడుపుకు భాషేంది" అని నీ గొంతు తీసేసి, దాని మీద పిల్లనగ్రోవి పెట్టారు.

అక్కా, అంతటితో అయిపోలేదు. ఇది సత్యవతికి కూడా చెప్పలేదు. మిర్యాలగూడ క్యాసెట్‌ను బస్సు డ్రైవరుకు ఇచ్చింది నేనే. బస్సు ఇంకా ఐదు నిమిషాలు ఆగి ఉంది. ఆ ఐదు నిమిషాలూ నువ్వు నా చేతిలోనే ఉన్నావు. జారవిడిచినా సరిపోయేది. "ఇస్తవా లేదా బిడ్డా, టైమయితున్నది" అని ఆయన చెయ్యి చాపితే ఇచ్చేశాను. చదవబోయే వార్తల మీద అంత ఆశ పుట్టింది నాకు.

టీవీలో యాడిని గుర్తుపట్టి మీ వాడోళ్లు "మీ తల్లిగారింట్ల ఎవరో పోయిన్రంట" అన్నారని, నువ్వు ఆ కడుపుతో జీపు వెనక వేలాడుతూ తండాకు పోయావని, యాడి జొన్నలు చెరుగుతూ కనిపిస్తే ఆమె కాళ్ల మీద పడి ఏడ్చావని రాశావు. ఆ ఏడుపు నా వల్ల. నిజంగా పోయిన ఆ ఇద్దరి కోసం ఏడ్చినవాళ్లను ఎవరూ చూడకపోవడమూ నా వల్లే. థూ నా బతుకు!

మొన్న శనివారం సూర్యాపేట పోయాను. "అది పెళ్లి సార్. ఆ పిల్ల మా అక్క. మాది తండా" అన్నాను. సార్ నడుస్తున్న వీసీఆర్ ఆపి నా వైపు తిరిగారు.

"మరి ఆనాడు నోరెందుకు రాలేదు బిడ్డా?"

"సిగ్గయింది సార్."

కోప్పడలేదు. ఉద్యోగం మాట కూడా మళ్లీ ఎత్తలేదు. "నేను గూడ అడగాల్సినంత అడగలే" అని కళ్లద్దాలు తుడుచుకున్నారు. తప్పయిందని గురువారం చదివిస్తారట. పిల్లనగ్రోవి తీసేసి నీ గొంతే వినిపించమని అడిగాను, సరేనన్నారు. వచ్చేటప్పుడు బస్సులో సీటు దొరికినా కూర్చోబుద్ధి కాలేదు. చాలా అలిసిపోయానక్కా.

గురువారం ఎనిమిదింటికి మీ అత్తను పక్కన కూర్చోబెట్టుకొని చూడు. ఆదివారం నేను వస్తాను. తిట్టేదంతా గుమ్మం బయటే తిట్టు. జడ అల్లుకోకుండానే వస్తాను.

ఇట్లు,
నువ్వు పేరు పెట్టి పిలిస్తే పలకని నీ చెల్లెలు,
సాలి