కండ్లు మూసుకొనుట

జూన్ 3, మంగళవారం

కాఫీ గ్లాసు కాలలేదు. ఇవాళ్టి మొదటి వింత అదే.

అమ్మ కొంగుతో పట్టుకొచ్చి ఇచ్చింది. నేను ఉత్త చేత్తో అందుకున్నాను. పొగలు పోతున్నాయి. సగం తాగేదాకా అమ్మ నా చేతినే చూస్తూ ఉంది.

"కాల్లేదారా శేఖరా?"

"లేదే."

"సముద్రంలో వుండి వుండి తోలు మందమైపోయినట్టుండాది."

తర్వాత ఎడమ చేతిలోకి మార్చుకుని చూశాను. వెంటనే కింద పెట్టాల్సి వచ్చింది. కుడి చేతి వేళ్ళకే తెలియడం లేదు – బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు.

సముద్రంలో చమురు తీసే రిగ్గు నుంచి నిన్ననే వచ్చాను. నెల సముద్రం మీద, నెల తిరుపతిలో. అక్కడ నా పని తుప్పు కొట్టడం. గాలితో నడిచే సూదుల గన్ను పట్టుకుని పొద్దంతా ఇనుము గీకడం. ఆపేశాక కూడా చెయ్యి చాలాసేపు అదురుతూ ఉండేది. ఈసారి ఆ అదురూ లేదు.

దీన్ని మేం జోము అంటాం. రిగ్గులో నా పక్క మంచం అబ్బులుది. వాడిది కాకినాడ. జోము అంటే వాడికి అర్థం కాలేదు. "తిమ్మిరి అనరా బాబూ" అన్నాడు. కానీ తిమ్మిరిలో సూదులు పొడిచినట్టుంటుంది. జోములో ఏమీ ఉండదు. ఏమీ లేకపోవడానికి కూడా ఒక మాట ఉంది మాకు... నచ్చింది. రాసుకుంటున్నాను.

జూన్ 5

ఒడ్డు మీద ఉన్న నెలకు జీతం రాదు. ఇంట్లో సంపాదించేది నేనొక్కడినే. దూరవిద్య డిగ్రీ చివరి సంవత్సరం, తెలుగు స్పెషల్ – పొద్దున చదువుకుని, మిగతా పూట పని వెతకాలి. ఈ ఒక్క నెలకు, మళ్ళీ ఒక నెల వదిలి ఇంకో నెలకు. అలాంటి పని ఎక్కడుంటుందో.

జూన్ 6

బంగారుపాళ్యం. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. గేటు ముందు కాయల ట్రాక్టర్ల వరస.

సూపర్‌వైజరు తల ఎత్తలేదు. "ఎన్ని దినాలు ఉంటావు?"

"ఈ నెలంతా సార్. వచ్చే నెల సముద్రంలో..."

అప్పుడు ఎత్తాడు. "సముద్రంలో ఏం జేస్తావప్పా, సేపలు పడతావా?"

పక్కన కాయలు ఏరుతున్నవాళ్ళు నవ్వారు.

"సీజనంతా ఉండేవాళ్ళు కావాల మాకు. సగం కాయ కోసి ఎల్లిపొయ్యేటోడు వద్దు."

బాధ కలుగుతుందేమో అని ఎదురుచూశాను. కలగలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో 'గుజ్జు' అనే మాటను చిత్తూరు దాకా నోట్లో పెట్టుకున్నాను. పలికితేనే మెత్తగా ఉంది.

జూన్ 9

బైకు మీద పార్సిళ్ళు. ఎప్పుడు కావాలంటే అప్పుడు చెయ్యొచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు. నాకు తగిన పనే. కానీ హ్యాండిలు అదురు నేరుగా వేళ్ళలోకి... కపిలతీర్థం మలుపులో, వేళ్ళు బ్రేకు మీద ఉన్నాయా లేవా అని కిందికి చూసుకోవాల్సి వచ్చింది. మానేశాను. అమ్మతో ఎండ అని చెప్పాను.

జూన్ 10

నాయుడుపేట. ఫ్యాక్టరీ గేటు దగ్గరే కాదన్నారు.

జూన్ 12

శ్రీకాళహస్తి. అమ్మకు తెలిసిన మునెమ్మక్క ఇల్లు. ఇంటి నిండా కలంకారీ గుడ్డలు – తలుపు మీద, మంచం మీద, పెరటి తీగల మీద. బొమ్మలు ఆమె వేస్తుంది. కింద మాటలు ఆమె మామ రాసేవాడట. ఆయనకు కండ్లు కనబడడం లేదు.

"గుండ్రంగా రాస్తావా నువ్వు?"

"రాస్తానక్కా. కానీ నెల మార్చి నెల సముద్రంలో ఉంటాను."

చెప్పేశాను. కాదంటే ఇక్కడే అననీ అని.

"వుంటే వుండు. కసిమి ఊరేదానికి ఎన్ని దినాలు పట్టల్యా. అదీ నీ మాదిరే, ఆ మూల కుండలో కూచోనుంటాది. ఎవురన్నా అరిస్తే వస్తాదా?"

పని దొరికింది. సగం మనిషిగా ఒప్పుకున్న మొదటి మనిషి.

కసిమి అంటే నల్ల సిరా. కుండలో తొంగి చూశాను. బెల్లం నీళ్ళు, వాటిలో తుప్పు పట్టిన ఇనుప ముక్కలు. అక్కడ నేను గీకి పారేసేది ఇక్కడ ఊరబెట్టుకుంటారు. అబ్బులుకు ఫోను చేసి చెప్తే "అయితే ఈసారి సంచిలో పట్టుకెళ్ళు, మనకి కొదవేముంది" అన్నాడు.

జూన్ 14

వెదురు కలం. మొనకు పైగా ఉన్ని చుట్టి దారం కట్టి ఉంటుంది. దాన్ని కసిమిలో ముంచి, ఉన్నిని వేళ్ళతో కొంచెం కొంచెం నొక్కుతూ రాయాలి. కరక్కాయ పట్టించిన గుడ్డ. ఒకసారి తాకితే నలుపు పోదు, ఉతికినా పోదు.

పాత గుడ్డ చూపించింది అక్క. 'గుహుడు నావ నడుపుట.' 'సీత పువ్వులు కోయుట.' నడిపాడు, కోసింది అని ఎందుకు రాయకూడదు అని అడిగాను.

"మా మామ అట్లనే రాస్తా వున్న్యాడు. నువ్వూ అట్లనే రాయి. పరీక్ష పెట్టబాకు నాకు."

బస్సులో అదే ఆలోచన. నడిపాడా, నడుపుతున్నాడా, నడుపుతాడా... ఏదీ కాదు. ఎవరన్నది ఉంటుంది, ఏ పని అన్నది ఉంటుంది. ఎప్పుడన్నది ఉండదు. చేసినవాడికి ఏమనిపించిందో అసలే ఉండదు. ఒక్క 'ట'.

జూన్ 15

నిద్ర లేచుట. కాఫీ తాగుట. కాళహస్తి బస్సు ఎక్కుట. రాయుట. తిరిగి వచ్చుట.

హాయిగా ఉంది. ఒక రోజును ఇంత తేలిగ్గా రాయొచ్చని తెలియదు.

జూన్ 17

'లక్ష్మణుడు పర్ణశాల కట్టుట.' చివరి 'ట' మీద నలుపు కారింది. సున్నా పూడిపోయింది, చింతగింజంత మచ్చ. ఎంత గట్టిగా నొక్కానో నాకు తెలియలేదు.

అక్క కాసేపు చూసింది. ఆ మచ్చకు ముక్కు, రెక్కలు గీసింది. "గుడిసె కట్టేటప్పుడు చిలకలు రావా ఏంది?"

జూన్ 18

ఇంకో చిలక.

జూన్ 20

మూడో మచ్చ. ఈసారి రాముడి పాదం పక్కన.

"ఎన్ని చిలకలు పెట్టాలప్పా? అడివంతా చిలకలే అయితే రాముడు యాడ నిలబడాల?"

నవ్వాను. ఆమె నవ్వలేదు. కలం తీసి పక్కన పెట్టింది. నా కుడి చెయ్యి తన ఒళ్ళోకి లాక్కుంది.

"కండ్లు మూసుకో."

మూసుకున్నాను.

"నొచ్చిందా?"

"నొచ్చింది."



"నేనింగా గిల్లనేలేదు నాయనా."

కండ్లు తెరిచాను. ఆమె చెయ్యి నా చేతికి దూరంగానే ఉంది. సిగ్గు పడాల్సింది. ఆ చేతిని ఎవరిదో చూసినట్టు చూశాను, అంతే. తర్వాత గిల్లింది – చూస్తున్నాను, గోరు దిగింది, వేలి మీద చంద్రవంక లాంటి గుర్తు పడింది. చంద్రవంక. మంచి మాట. నొప్పి లేదు.

"ఎన్నాళ్ళ నుంచి?"

చెప్పాను. గన్ను సంగతి కూడా.

"మీ యమ్మకు తెలుసునా?"

తెలియదన్నాను.

జూన్ 21

ఇవాళ అమ్మ కాఫీ చల్లార్చి ఇచ్చింది.

జూన్ 24

రిగ్గు కాంట్రాక్టరు ఆఫీసు నుంచి ఫోను. "ఈసారి మెడికల్ ఉంది బాబూ. తిరుపతిలోనే చేయించుకుని, ఫిట్ అని రాయించుకుని వచ్చెయ్. చేతులు కూడా చూస్తారు, గన్ను పనివాళ్ళకి కొత్తగా పెట్టారు."

అబ్బులును అడిగాను.

"నొప్పి ఉందా అని అడుగుతారు. లేదని చెప్పు. అబద్ధం కాదు కదరా, నీకు నొప్పి లేదుగా?"

నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు.

"మనతో గన్ను పట్టిన మస్తాన్ డాక్టరుకు చెప్పాడు, గుర్తుందా? వేళ్ళు తెల్లబడుతున్నాయని. బాగయ్యాక పిలుస్తామన్నారు. ఇంకా పిలుస్తానే ఉన్నారు."

చెప్తే రిగ్గు పోతుంది. చెప్పకపోతే మళ్ళీ నెల గన్ను పట్టుకోవాలి, వేళ్ళు పోతాయి. వేళ్ళు లేకపోతే కలం లేదు. రెండూ పక్కపక్కన రాసి చూశాను. రాత కూడా బాగాలేదు, అక్షరాలు వంకరగా...

జూన్ 26

కాళహస్తి వెళ్ళాను, రాయడానికి కాదు. అక్క గుడ్డ పరిచి చూపించింది. అన్ని గడులూ నిండాయి. కొన్నింటికి మాటలు ఆమే రాసింది – ఒత్తులు లేవు. ఒక్క గడి కింద మాత్రం ఖాళీ. భరతుడు, పీట మీద పాదుకలు, వాకిట్లో నిలబడి దారి చూస్తున్నాడు.

"ఇది నీది. 'భరతుడు ఎదురు చూచుట'. చెయ్యి బాగైనంక రాద్దువులే."

"ఆలస్యమైతే?"

"ఆయప్ప పద్నాలుగేండ్లు చూసినాడు. ఇంగ రొన్ని దినాలు చూస్తే ఏమి?"

అప్పుడు లోపల ఎక్కడో ఏదో మెదిలింది. జోము వదిలేటప్పుడు మొదట వచ్చే పోటు లాంటిది. వెంటనే పోయింది.

జూన్ 28

చదువుట. తినుట. పడుకొనుట.

జూన్ 29, ఆదివారం

రేపే మెడికల్. పరగడుపున రమ్మన్నారు.

సాయంత్రం అమ్మ చొక్కా ఇస్త్రీ చేసి కొక్కేనికి తగిలించింది. పై గుండీ ఒక్కటి వదిలి మిగతావన్నీ తనే పెట్టేసింది, తల మీంచి తొడుక్కునేలా.

"డాక్టరు అడిగినదానికి సరిగ్గా చెప్పు" అంది, ఇస్త్రీపెట్టె వైపు చూస్తూ. సరిగ్గా అంటే ఏదో చెప్పలేదు. నేను అడగలేదు.

రేపు ఎలా జరుగుతుందో రాసి చూసుకుంటున్నాను –

ఆసుపత్రికి పోవుట. చెయ్యి చాపుట. కండ్లు మూసుకొనుట. డాక్టరు గిల్లుట.

తర్వాతిది కుదరడం లేదు. 'నొచ్చిందని చెప్పుట' అని రాశాను. కొట్టేశాను. 'తెలియలేదని చెప్పుట' అని రాశాను. అదీ కొట్టేశాను. రెండింట్లోనూ నేను లేను. ఆ 'ట' గుడ్డ మీది బొమ్మలది. వాళ్ళకు రేపు పొద్దున లేదు.

మళ్ళీ రాస్తున్నాను. రేపు పొద్దున ఏడింటికి బయలుదేరతాను. కాఫీ ఉండదు. కండ్లు మూసుకోమంటే మూసుకుంటాను. గిల్లకముందే మాత్రం నొచ్చింది అనను.