నేను ఓడిపోయాను, మామా

కోరుట్ల,
సోమవారం

పూజ్యులైన రాజమౌళి మామకు, గీత నమస్కరించి రాస్తున్నది.

ఈ ఉదయం పాలప్యాకెట్ కోసం తలుపు తీస్తే మా గేటుకు బంతిపూల దండ వేలాడుతోంది. మనిషి మెడకు వేసేది కాదు, ట్రాక్టరు ముందు కట్టేంత పెద్దది. దాని చివరి నుంచి నీళ్లు చుక్కలుగా పడి, కింద ముగ్గు ఒక మూల కరిగిపోయింది. ఎవరిదో పొరపాటున మాకు కట్టారనుకుని విప్పి, పక్కింటి రమ అక్కకు ఇవ్వబోయాను. ఆమె చేతులు వెనక్కి తీసుకుంది.

"మీదే పిల్లా. గెలిచింది నువ్వే గదా" అంది.

అప్పటి నుంచి నాకేమీ అర్థం కావడం లేదు. ఈ మాట మీ దాకా రాకముందే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఫోన్ చేస్తే మీ బట్ట నేసే సాంచెల చప్పుడులో మీకు వినబడదు. నాకు గట్టిగా మాట్లాడటం రాదు.

నేను నిన్న ఓడిపోయాను, మామా.

మున్సిపల్ ఎన్నికల్లో మా వార్డు ఈసారి మహిళలకు వచ్చింది. పార్టీ టికెట్ ఎవరికివ్వాలో పైవాళ్లు తేల్చలేదు. వార్డులోని సభ్యులే ముందుగా ఓట్లు వేసుకుని ఒకరిని ఎంచుకోమన్నారు. ఇక్కడ ఇలాంటిది ఎప్పుడూ జరగలేదు. సాయవ్వ పెద్దమ్మ రెండుసార్లు కౌన్సిలర్‌గా చేసింది. ఆమెకు ఎదురు నిలబడేవారు లేరు. ఒక్క పేరుతో ఓటింగ్ ఏం బాగుంటుందని వార్డు అధ్యక్షుడు రాజేందర్ అన్న దిగులుపడి, నాన్న మోటార్లు చుట్టే షాపుకు వచ్చాడు. "ఉత్తగ పేరుకే, బుచ్చన్నా. పిల్ల ఓడిపోతది, నువ్వు భయపడకు" అన్నాడు. ఆ హామీ మీదే నేను ఒప్పుకున్నాను.

ఎందుకంటే ఒకటో తారీకు నుంచి నేను జగిత్యాలలో డిగ్రీ కాలేజీ లైబ్రరీలో చేరాలి. ఆ ఉద్యోగం కోసం ఎంత చదివానో మీకు తెలుసు. రాజకీయాల్లో ఉన్నవాళ్లు తమకు వద్దని కాలేజీవాళ్లు ముందే చెప్పారు. టికెట్ వస్తే ఆ ఉద్యోగం ఉండదు.

నాకు ఎక్కువలో ఎక్కువ ఐదు ఓట్లు వస్తాయని ఊరంతా అనుకుంది. నేను, అమ్మ, నాన్న, షాపులో పనిచేసే జహీర్ అన్న, పొరపాటున వేసేవాడు ఒకడు. లెక్క చెప్పింది సాయవ్వ పెద్దమ్మ భర్త సత్తయ్య పెద్దనాన్న. ఐదు దాటితే మీసం తీసేస్తానని చాయ్ హోటల్లో అందరి ముందూ అన్నాడు.

ఫంక్షన్ హాల్లో బియ్యం డబ్బా పెట్టి చీటీలు వేయించారు. సాయవ్వ పెద్దమ్మకు నూట ఇరవై వచ్చాయి. నాకు నలభై ఒకటి.

హాల్లో ఎవరో ఈల వేశారు. అది నాకోసమని ఇంటికి వచ్చాక తెలిసింది.

ఇట్లు,
ఓడిపోయిన మీ మేనకోడలు
గీత

తా.క.: సత్తయ్య పెద్దనాన్న మాట నిలబెట్టుకున్నాడు. ఈ ఉదయం మా వీధిలోంచి వెళుతుంటే ఎవరో కొత్త తహశీల్దారు అనుకుని అమ్మ లేచి నిలబడింది.

*

సిరిసిల్ల,
గురువారం

చిరంజీవి గీత బిడ్డకు మామ రాజమౌళి దీవించి రాసేది. ఇక్కడ నేను, మీ అత్త, నాలుగు సాంచెలు మంచిగనే ఉన్నం. కరంటుకే జర పానం బాగలేదు.

నీ ఉత్తరం అచ్చింది. ఓడిపోయిన, ఓడిపోయిన అని రాసినవు. మీ అత్తకు చదివి వినిపిచ్చిన. ఇద్దరం నవ్వుకున్నం. కాన్వెంటుల సిస్టర్లు గింత వినయం నేర్పిండ్రా బిడ్డా?

నేను ఎన్నో ఏండ్ల సంది ఎలక్షన్ గుడ్డ నేస్తున్న. జెండాలు, కండువాలు అన్ని పార్టీలయి నా సాంచెల మీదికెల్లే పోయినయి. ఓట్లు లెక్కవెట్టేటోళ్లు తప్పుతరు గని గుడ్డ తప్పది. ఎవలు గెలిచిండ్రో మాకు టీవీల కంటే ముందే తెలుస్తది. ఎట్లనంటవా? మర్నాడు గుడ్డ ఎవలు అడుగుతరో ఆళ్లు గెలిచినట్టు. ఎవలు ఆపుమంటరో ఆళ్లు ఓడినట్టు.

సాయవ్వ బొమ్మతోని కండువాలు కావాలని సత్తయ్య మీ కోరుట్ల బట్టల షాపు మహమూద్ సాబుతోని నాకు చెప్పిచ్చిండు. సోమవారం పొద్దుగాల మహమూద్ సాబు నుంచి కబురచ్చింది, సాయవ్వయి ఆపుండ్రి అని. గెలిచినోడు గుడ్డ ఆపుతడా? గెలిచినోడు మీసం తీసుకుంటడా? నువ్వే చెప్పు. దండ ఎవలింటికి కట్టిండ్రు?

అందుకే ఒక సాంచ మీదికెల్లి చీరె గుడ్డ దించి కండువా గుడ్డ ఎక్కిచ్చిన. అడుగకముందే. మన పిల్ల గెలిస్తే మనకు ఒకలు చెప్పాల్నా?

ఇట్లు,
మామ రాజమౌళి

తా.క.: అచ్చేసెతందుకు నీ ఫోటో దొరకలే. పదో తరగతిల రెండు జడలతోని దిగిన ఫోటో ఉంటే అదే ఇచ్చిన. కళ్లద్దాలు జర పెద్దగ పడ్డయి. అయినా మంచిదే, దూరం నుంచి గుర్తువడుతరు.

*

కోరుట్ల,
శనివారం

పూజ్యులైన మామకు నమస్కారాలు.

మీ ఉత్తరం నిలబడి చదవడం మొదలుపెట్టి, కూర్చుని ముగించాను.

నూట ఇరవై కంటే నలభై ఒకటి తక్కువ. ఇది వినయం కాదు మామా, లెక్క. కానీ ఈ ఊళ్లో ఆ లెక్క నాకొక్కదానికే వచ్చినట్టుంది.

మా ఇంటికి జనం వస్తూనే ఉన్నారు. అమ్మ చాయ్ పెట్టి పెట్టి అలసిపోయి, రమ అక్క ఇంటి కప్పులు కూడా తెచ్చింది. నాన్న షాపులో మోటారు బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్లు మోటారు సంగతి మరిచిపోయి నా సంగతి అడుగుతున్నారు. నేను లోపలి గదిలో పుస్తకం పట్టుకుని కూర్చుంటున్నాను. అది చూసి "ఇప్పటి సందే వార్డు గురించి చదువుతున్నది" అని ఒకాయన మెచ్చుకున్నాడు. అది నవల.

గెలిచినవాళ్లను అభినందించాలని స్కూల్లో నేర్పారు. నిన్న మైసూర్‌పాక్ డబ్బా తీసుకుని సాయవ్వ పెద్దమ్మ ఇంటికి బయలుదేరాను. వాళ్ల వాకిట్లోనే ఎదురైన రమ అక్క ఆ డబ్బా లాక్కుని కొంగు కింద దాచింది. "వాళ్లింట్ల గిట్లుంటే నువ్వు మిఠాయి తెస్తవా?" అంది. నిజంగానే లోపల చాపలు పరిచి ఉన్నాయి. ఆడవాళ్లు కూర్చుని, ఒకరి తర్వాత ఒకరు పెద్దమ్మ చెయ్యి పట్టుకుని ఓదారుస్తున్నారు. గెలిచినందుకు.

పెద్దమ్మ నన్ను చూసి కోప్పడలేదు. పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా చెప్పింది. "నూట ఇరవై ఎవలియని ఒక్కలన్న అడుగుతలేరు బిడ్డా. నలభై ఒకటి ఎవలియని అందరు అడుగుతున్నరు."

పోయినసారి పోటీ లేకుండా గెలిచిన మనిషి ఆమె. ఇంత అవమానం తర్వాత నిలబడనని, నన్నే నిలబడమని అంది. వాళ్లిచ్చిన నీళ్లు తాగి వచ్చేశాను.

మామా, దయచేసి ఆ కండువాలు ఆపండి. ఇంకెవరికీ ఏమీ చెప్పకండి. ఒకటో తారీకు దగ్గరికి వచ్చింది. వద్దంటే వినయమంటున్నారు కాబట్టి ఆ లోపల నేను ఎలాగైనా ఓడిపోవాలి.

ఇట్లు,
మీ మేనకోడలు
గీత

తా.క.: రాజేందర్ అన్న ఇప్పుడు నన్ను "మేడమ్" అంటున్నాడు. ఓటు చీటీలు తయారుచేసిన రోజు నా పేరు తెలియక వాటి మీద "బుచ్చన్న బిడ్డ" అని రాయించింది ఆయనే.

*

సిరిసిల్ల,
మంగళవారం

చిరంజీవి గీత బిడ్డకు మామ దీవెనలు. మేం బాగున్నం. ఒక సాంచ నీ పేరు మీద దినమంత నడుస్తున్నది.

నీకు లెక్క అచ్చు గని లోకం రాదు. నా దగ్గర పాత సాంచ ఒకటున్నది. అది దినానికి ఎంత నేసినా, "ముసలిది ఇంకా నేస్తున్నది" అని చూడనచ్చినోళ్లు మెచ్చుకుంటరు. పక్కన కొత్తది దానికి రెండింతలు నేస్తది. ఒక్క దారం తెగిందంటే "ఏమైంది, గట్ల ఆగింది?" అంటరు. సాయవ్వ కొత్త సాంచ. నువ్వు పాతది. కోపం చేసుకోకు, నేను మంచికే చెప్తున్న.

నువ్వు మొకమాటం పిల్లవు. ఆ కాలేజోళ్లకు నీ నోటితోని చెప్పలేవని నాకెరికే. అందుకే జగిత్యాల ప్రిన్సిపాల్ సారుకు నేనే మర్యాదగ ఉత్తరం రాసిన. "మా మేనకోడలు కౌన్సిలర్ అయితున్నది. ఇగ మీ పుస్తకాల కాడికి రాదు, ఇంకొకలను చూసుకోండ్రి" అని. ఆయన ఎదురుచూసుకుంట ఉండుడు పాపం గదా.

కండువాలు బస్సుల పార్సిల్ వేసిన. ఈ ఉత్తరం అందినంక బస్టాండుల విడిపిచ్చుకోండ్రి.

ఇట్లు,
మామ రాజమౌళి

తా.క.: ప్రిన్సిపాల్ సారుకు రాసిన ఉత్తరంల ఒక కండువా సుత మడిచి పెట్టిన. రెండు జడలు మంచిగ అచ్చుపడ్డయని మీ అత్త అన్నది.

*

జగిత్యాల,
ఆదివారం

పూజ్యులైన మామకు, అత్తకు నమస్కారాలు.

మీ ఉత్తరం అందిన సాయంత్రమే రాజేందర్ అన్న మిఠాయితో వచ్చాడు. గాలి బుచ్చన్న బిడ్డ వైపే ఉందని పైవాళ్లు అన్నారట. సాయవ్వ పెద్దమ్మ ఎలాగూ వద్దంటోంది కాబట్టి టికెట్ నాకేనట. మర్నాడు ఫంక్షన్ హాల్లో ప్రకటిస్తామన్నాడు.

హాలు నిండిపోయింది. చాలామంది భుజాల మీద నేనే ఉన్నాను, రెండు జడలతో. రాజేందర్ అన్న మైకు నా చేతికిచ్చాడు. మీకు తెలుసు, నేను ఎప్పుడూ మైకు ముందు నిలబడలేదు. ఉపన్యాసం ఏమీ రాలేదు. నాకు నిజంగా తెలుసుకోవాలని ఉన్నది ఒక్కటే. అదే అడిగాను.

"మీరు నాకెందుకు ఓటేశారు?"

ముందుగా మా వీధి చివర బీడీలు చేసే చిన్నవ్వ లేచింది. "ఒక్కటన్న పడకుంటే పిల్ల మనసు కష్టపెట్టుకుంటదని నేనొక్కదాన్నే ఏసిన బిడ్డా" అంది.

"నువ్వొక్కదానివేంది అవ్వా? ఏసింది నేనొక్కదాన్ని" అని రమ అక్క లేచింది.

తర్వాత జహీర్ అన్న. ఐదింట్లో తన ఓటు సత్తయ్య పెద్దనాన్న ముందే లెక్కపెట్టినా, మిగతా నాలుగూ పడతాయో లేదోనని, కనీసం తనదొక్కటైనా ఉండాలని వేశాడట. తర్వాత కిరాణా షాపాయన. తర్వాత ఒకరి మీద ఒకరు. ఎలాగూ సాయవ్వే గెలుస్తుంది, ఈ పిల్లకు పాపం ఎవరూ వేయరు, నా ఒక్క ఓటుతో పోయేదేముందని ప్రతి ఒక్కరూ అనుకున్నారు. ఒక్క ఓటూ పడదని అందరూ అనుకోవడం వల్లే నలభై ఒకటి పడ్డాయి. ఎవరి ఓటు అసలైన ఒక్క ఓటు అనే దాని మీద హాల్లో గొడవ మొదలైంది. రాజేందర్ అన్న మైకు లాక్కోబోయి మానేశాడు.

అప్పుడు వెనక వరుసలోంచి సాయవ్వ పెద్దమ్మ లేచింది. భర్త వైపు చూడకుండా చెప్పింది. "నేను సుత గీ పిల్లకే ఏసిన. ఆడివిల్ల, ఊకెనే ఒట్టి చేతులతోని పోతదేమోనని."

సత్తయ్య పెద్దనాన్న చెయ్యి మూతి మీదికి పోయింది. అక్కడ ఏమీ లేదు.

నేను మైకు దగ్గరే ఉన్నాను కాబట్టి ఇంకో మాట కూడా అనగలిగాను. "అది గాలి కాదు, జాలి. ఎక్కువ ఓట్లు వచ్చింది పెద్దమ్మకు. టికెట్ ఆమెది" అన్నాను. పెద్దమ్మ ఏడ్చింది, కానీ ఈసారి వద్దనలేదు. నేను ఇక ఓడిపోయినట్టేనని ఊపిరి పీల్చుకున్నాను. బయటికి వచ్చేసరికి, చేతికొచ్చిన టికెట్‌ను వదులుకున్న త్యాగమూర్తినని కొత్త మాట పుట్టింది. మళ్లీ దండ తెచ్చారు. నాన్న దాన్ని తీసి పెద్దమ్మ మెడలో వేశాడు.

ఒకటో తారీకున జగిత్యాల వచ్చాను. ప్రిన్సిపాల్ సార్ బల్ల మీద శాలువా, పూలగుత్తి ఉన్నాయి. మీ ఉత్తరం చూసి, ఉద్యోగం వద్దని చెప్పడానికైనా కాబోయే కౌన్సిలరు ఒకసారి వస్తుందని, వస్తే నిధులు అడుగుదామని ఎదురు చూస్తున్నారట. నేను కౌన్సిలర్‌ను కాదని, లైబ్రేరియన్‌గా చేరడానికే వచ్చానని చెప్పాను. ఆయన ముఖం, చాప మీద కూర్చున్న నాటి సాయవ్వ పెద్దమ్మ ముఖంలా అయిపోయింది. వేరే మనిషిని ఇంకా చూసుకోలేదు కాబట్టి తాళాలు ఇచ్చారు. శాలువా లోపల పెట్టించారు.

లైబ్రరీలో ఒక కిటికీ తలుపు మూసుకోదు. మిగతా అంతా బాగుంది. మీ మీద నాకు కోపం లేదు మామా. రెండు రోజులు ఉండింది.

ఇట్లు,
మీ మేనకోడలు
గీత

తా.క.: మిగిలిన కండువాలు చిన్నవ్వ తీసుకుంది, బీడీ ఆకు తడిపి చుట్టిపెట్టడానికి. నా ముఖం లోపలికి వచ్చేలా మడవమని బతిమాలుకున్నాను.

ఇంకొకటి. ఆ రోజు అమ్మ, నాన్న, నేను, ముగ్గురం సాయవ్వ పెద్దమ్మకే ఓటేశాం.