ఎడమ టైరు మీద సుద్దగీత

నాన్నా,

నువ్వు పోయాక నేను దిగిన మొదటి కారు పోటీ ఇది. మా ఆఫీసువాళ్లు ఈసారీ నానక్‌రామ్‌గూడలోనే పెట్టారు. "సన్న రిమ్ముకు గంత వెడల్పు టైరేస్తే మలుపుల ఒరుగుతది బిడ్డా" అని పక్క సీట్లోంచి పోరు పెట్టేవాడివి కదా, అందుకే అవే టైర్లను వెడల్పు రిమ్ములకు ఎక్కించాను. మూసాపేటలో టైర్ల షాపు యాదన్న బిగించి, "ఇగ ఫికర్ లేదు, ఒరగది" అన్నాడు.

నువ్వు చేసినట్టే టైర్ల అంచున సుద్దముక్కతో గీతలు గీశాను. టైరు ఒరిగి అంచు నేలకు రాసుకుంటే గీత చెరిగిపోవాలి. మలుపులన్నీ తిరిగొచ్చి వంగి చూస్తే, ప్రతిసారీ చెరిగే ఎడమ టైరు గీత అలాగే ఉంది.

రిమ్ము మార్చినందుకా, నువ్వు కూర్చునే ఎడమ సీటు ఖాళీగా ఉన్నందుకా? తేలాలంటే నువ్వొక్కసారి వచ్చి కూర్చోవాలి నాన్నా.