తలుపు తీయని సన్నివేశం

చిరంజీవి అమ్మాయిని ఆశీర్వదించి అమ్మ రాయునది.

ఇక్కడ నేనూ, నీ కూతురు పిచ్చుకా కులాసా. ఒంట్లో జ్వరం లేదు, నాలుకకు రుచి తెలుస్తోంది, గుమ్మం దాటలేదు. ఈ రోజుల్లో కులాసా అంటే ఇంతే కనుక ఇంకేమీ కలపడం లేదు. నీ ఉత్తరం నిన్న చేరింది. పోస్టుమాన్ దాన్ని పై మెట్టు మీద పెట్టి, కిందికి దిగి నిలబడి, నేను తీసుకున్నాక వెళ్ళాడు. ఆసుపత్రి ల్యాబులో పని తెమలక, మాస్కు చారలు ముఖం మీద అలాగే ఉండగా బల్ల మీదే తల వాల్చి నిద్రపోతున్నానని రాశావు. తల కింద తువ్వాలైనా మడిచి పెట్టుకో. మెడ పట్టేస్తే నీ పని అందుకునేవాళ్ళు లేరని నువ్వే అన్నావు.

ఇక నీ ప్రశ్నలు. పిచ్చుక తింటోంది. నాలుగు రోజులుండి పోదామని వచ్చి, దారులు మూసుకుపోయి నా దగ్గర చిక్కుకున్న పిల్ల కనుక, మొదట్లో ముఖం వేలాడేసుకుని కిటికీకి అతుక్కుపోయింది. కాలేజీవాళ్ళు సినిమా పని అప్పగించాక ఇల్లంతా తనదే అయింది. నేనే నా ఇంట్లో పక్కకు ఒదిగి నడుస్తున్నాను.

చివరి ప్రశ్న ఫోను గురించి. మోగితే ఎందుకు తీయవు, తీసినా పిల్ల చేతికిచ్చి ఎందుకు తప్పుకుంటావు, ఇల్లు ఖాళీ చేసి నా దగ్గరికి వచ్చెయ్యమన్నందుకు అలిగావా అని అడిగావు. నీకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమేనని కూడా రాశావు. ఆ సంగతికి వస్తాను. దానికి ముందు సినిమా గురించి చెప్పాలి.

ఆఖరి సంవత్సరం సినిమాను ఇంటి నాలుగు గోడల మధ్యే తీయాలి, ఇంట్లో ఉన్నవారే నటించాలి. అదీ షరతు. ఇంట్లో ఉన్నది నేను. నటన నాకు రాదన్నాను. "రాకపోతేనే మంచిది అమ్మమ్మా, వచ్చినవాళ్ళతోనే చావు" అంది.

ఇస్త్రీ బల్ల మీద నా పుస్తకాలు దొంతరగా పేర్చి, ఫోనును గుడ్డపీలికతో దానికి కట్టింది. తెల్ల దుప్పటిని రెండు కుర్చీల మీద పరిచి, కిటికీ వెలుతురును నా ముఖం మీదికి మళ్ళించింది. చప్పుడు రికార్డవుతుందని ఫ్యాను ఆపేసింది. కాలేజీ లైబ్రరీలో ఉద్యోగమంతా ఎందరి నోళ్ళో మూయించినదాన్ని, చెమటలు కక్కుతూ మనవరాలి చేత "ష్" అనిపించుకున్నాను.

కథ చిన్నది. ఒంటరి ముసలావిడ చిరిగిన పుస్తకానికి కుట్లు వేసుకుంటూ ఉంటుంది. ఎవరో తలుపు కొడతారు. ఎన్నాళ్ళకో వచ్చిన మనిషి కదా అని ఆత్రంగా లేచి తీస్తుంది. గుమ్మంలో సరుకుల సంచి తప్ప ఎవరూ ఉండరు. కుట్టడం నాకు వచ్చిన పనే. దారానికి కొవ్వొత్తి రాసి, కాగితాల మడతలోంచి సూది దూర్చి లాగడం చేతులు వాటంతటవే చేసుకుపోయాయి. వెలుతురు కోసం నన్ను కిటికీ వైపు తిప్పి కూర్చోబెట్టింది. తలుపు నా వెనక ఉంది, ఫోనుకు మాత్రం నేనూ, ఆ తలుపూ కనిపిస్తాం. తను బయటికెళ్ళి తలుపు కొట్టగానే నేను తలెత్తి, లేచి వెళ్ళాలి.

నేను కుట్టుకుంటూ కూర్చున్నాను. ఒక మడత అయింది, ఇంకొకటి అయింది. ఇంత ఆలస్యమేమిటా అనుకుంటూ ఉండగా పిల్లే తలుపు తోసుకుని వచ్చింది. ముఖం ఎర్రగా ఉంది. కోప్పడబోతోందనుకున్నాను. ఫోను విప్పి, తీసినదంతా చూసుకుని, నెమ్మదిగా నా ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఎలా చేశావు అమ్మమ్మా? అంతసేపు తలుపు బాదుతుంటే నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నావు. ఇక కథ ఇదే. ఆవిడ లేవదు."

నేను కాదనలేదు. పైగా, తలుపు కొట్టిన ప్రతివాడికీ లేచి తియ్యాలని ఎక్కడుందే అన్నాను. ఆ వాక్యాన్ని పిల్ల సినిమా పరిచయంలో రాసుకుంది. వాళ్ళ మాస్టారు కంప్యూటరులో క్లాసంతటికీ ఆ సన్నివేశం చూపించి, వినీ లేవని ఆ పెద్దావిడ ఆత్మాభిమానాన్ని గమనించండని మెచ్చుకున్నారట. రెండు రోజులు నడుం కాస్త నిటారుగానే నడిచాను. అబద్ధమెందుకు.

తరువాత చప్పుళ్ళు అతికే పని వచ్చింది. సినిమావాళ్ళకు ఒక పద్ధతి ఉందట. ఏ గదిలో తీసినా, పని అయ్యాక అందరూ కదలకుండా నిలబడి ఆ గది నిశ్శబ్దాన్ని కాసేపు రికార్డు చేసుకుంటారు. మాటల మధ్య ఖాళీల్లో దాన్ని పరుస్తారు. ఏ గది నిశ్శబ్దం దానిదేనంటుంది పిచ్చుక. నీ లైబ్రరీ నిశ్శబ్దంతో పోలిస్తే ఇదెలా ఉందో విను అని ఒక మధ్యాహ్నం తన హెడ్‌ఫోను నా చెవులకు తగిలించి, చప్పుడు పెంచింది.

ఫ్రిజ్ గురగురలాడుతోంది. ఎక్కడో నీటిబొట్టు పడుతోంది. వంటింటి కుళాయి ఎప్పటినుంచో కారుతోందట. నాకు తెలియదు. తరువాత నా సన్నివేశం పెట్టింది. తలుపు కొట్టిన చప్పుడు విన్నాను. గట్టిగా కొట్టింది. "అమ్మమ్మా" అని పిలిచింది. మళ్ళీ పిలిచింది. ఆ తరువాత గొంతు మారింది. "అమ్మమ్మా, బానే ఉన్నావా?" అంటోంది బయటినుంచి. చిన్నప్పుడు చీకట్లో లేచి నిన్ను పిలిచేదే, ఆ గొంతు. తెర మీద నేను దారం లాగుతున్నాను.

అమ్మాయీ, నీ చివరి ప్రశ్నకు జవాబు ఇదే. నాకు వినపడదు. బొత్తిగా అని కాదు గానీ చాలినంత వినపడదు. ఉద్యోగం మానిన కొన్నాళ్ళకు మొదలైంది. ఎదుటివారి పెదవులు చూసి మాట పట్టుకునేదాన్ని. తలుపు కొడితే దాని గొలుసు ఊగుతుంది కనుక, గొలుసు కనబడే చోటే కుర్చీ వేసుకునేదాన్ని. ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు అందరి నోళ్ళకూ మాస్కులు వచ్చాయి. కూరలబ్బాయి ఏమంటున్నాడో తెలియక తల ఊపి, అక్కరలేని కాయలన్నీ మోసుకొచ్చాను. ఫోనుకు పెదవులూ లేవు, గొలుసూ లేదు. నువ్వు అలక అనుకున్నావు, మాస్టారు ఆత్మాభిమానం అనుకున్నారు. పొగరుబోతు అనిపించుకోవడం నాకు అలవాటే. చెవిటిది అనిపించుకుంటే మరునాడే నువ్వు నా సామాను సర్దేస్తావని ఊరుకున్నాను.

హెడ్‌ఫోను తీసి పిల్లకు చెప్పేశాను. అది నటన కాదే, నాకు వినపడలేదు అన్నాను. పిల్ల తీగ చుట్ట చుడుతూ కూర్చుంది.

"అమ్మకి తెలుసా?"

"తెలీదు."

"మా సారుకి ఇప్పుడేం చెప్పమంటావు?"

"ముసలావిడకు చెవుడని చెప్పు. మార్కులు పోతే నాకు పోతాయి."

నవ్వింది గానీ కళ్ళు తుడుచుకుంది. ఆ రోజు బయట నేను భయపడ్డాను అమ్మమ్మా, పిలుపు అందనంత లోపలున్నావని తెలీదు అంది. నేను కుళాయి చూడడానికి లేచాను.

మరునాటికి సినిమా మార్చేసింది. పరిచయంలో నా గొప్ప వాక్యం కొట్టేసింది. ఆ సన్నివేశంలో ఫ్రిజ్, కుళాయి, తలుపు, తన పిలుపు, అన్నీ తీసేసింది. ముసలావిడ కుడుతూ ఉంటుంది, వెనక తలుపు గొలుసు ఊగుతుంది, చప్పుడు ఉండదు. ఇది చూసేవాళ్ళకు అర్థం కాదని మాస్టారు వాదించారట. తలుపు చప్పుడు ఉంచితే మంచి మార్కులు ఖాయమన్నారట కూడా. పిల్ల వినలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం. ఎవరి పోలికో నువ్వూ నేనూ వాదించుకోనవసరం లేదు.

ఇల్లు ఖాళీ చేయను. చెవులు నావి, ఇల్లూ నాది, రెండింటి బాగోగులూ నేనే చూసుకుంటాను. దారులు తెరుచుకోగానే చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళి మిషను పెట్టించుకుంటాను. దానికోసం నువ్వు సెలవు పెట్టి రానక్కరలేదు. వస్తే మాత్రం తిరిగి పొమ్మనను. ఈలోగా ఆదివారం పొద్దున ఫోను చెయ్యి. పిల్ల హెడ్‌ఫోను తగిలించుకుని నేనే మాట్లాడతాను. అరవకు, నెమ్మదిగా చెప్పు.

పిచ్చుక తన సినిమా నీకు ఫోనులో పంపుతానంటోంది. ఈ ఉత్తరం అందేవరకు ఆగమన్నాను. ఒక చోట చప్పుడు ఆగిపోతుంది. ఫోను పాడైందనుకుని పెంచబోకు. నాకు వినిపించినంతే అందులో ఉంది.

ఇట్లు,
నీ మీద ఏనాడూ అలగని
అమ్మ