బొమ్మ బాతుల బండి

హార్లన్ అన్నయ్యా,

నువ్వు పనిచేసే పడవ ఇప్పుడు నదిలో ఏ రేవు దగ్గరుందో తెలియదు. అయినా ఈ సంగతి నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను.

గాలివానకు మన షెడ్డు కప్పు ఎగిరిపోయింది. వేటలో నిజం బాతుల్ని దింపే మన బొమ్మ బాతులన్నీ వసారాలో గుట్టగా పడున్నాయి. మోకాలి ఆపరేషన్ తర్వాత నాన్న ఇంకా అత్తయ్య ఇంట్లోనే ఉన్నాడు. "వాటిని పెట్టి ట్రక్కు వెనక లాక్కెళ్లడానికి పొడుగు ట్రైలర్ కొను, పక్క తలుపుండాలి. ఇంకేం చూడకు," అని నన్ను పంపాడు. నేను పొట్టిది కొన్నాను.

"మీ నాన్నను తీసుకురా అమ్మా, ఆడపిల్లవి నీకేం తెలుస్తుంది?" అన్నాడు అమ్మేవాడు.

"గాలి ఎటునుంచి ఆడుతుందో చూపించండి చాలు. తడి బొమ్మలకు బూజు పడితే మీరొచ్చి తుడుస్తారా?" అన్నాను.

పొట్టిది కొనడానికి అసలు కారణం వేరు. వరిమళ్ల గట్ల మీద పొడుగుది తిప్పాలంటే ఇద్దరు కావాలి. పొట్టిదాన్ని నేనొక్కదాన్నే ట్రక్కుకు తగిలించగలను. పట్నంలో ఉద్యోగం వద్దని రాసేశాను అన్నయ్యా. ఈసారి వేటకొచ్చేవాళ్లను పొలానికి నాన్న బదులు నేనే తీసుకెళ్తాను. నాన్నకింకా తెలియదు. నిరుడు వేటకొచ్చిన అందరి ముందూ "మా ట్రూడీ చదువుకుంది, ఈ బురద దానికెందుకు?" అన్నాడు. వాళ్లంతా మెచ్చుకున్నారు. నాకు మాత్రం నన్ను బయటికి పంపి తలుపేసినట్టనిపించింది.

నీ చెల్లెలు,
ట్రూడీ

*

అన్నయ్యా,

నాన్న వచ్చాడు. చేతికర్రతో బండి చక్రం తట్టి, "పక్క తలుపేదే?" అన్నాడు.

"దేనికి నాన్నా?"

"నీకే. ముందు భాగంలో తెర కట్టి చిన్న గది చేద్దామనుకున్నా. ఇన్నేళ్లూ అంతమంది మగాళ్ల మధ్య, ట్రక్కు అద్దాలకు కోట్లు అడ్డం పెట్టుకుని తడిబట్టలు మార్చుకున్నావు."

"మరి నిరుడు, ఈ బురద దానికెందుకని ఎందుకన్నావు?" అన్నాను.

"ఉండిపోమని అడిగితే కాదనలేవని. నా కోసం ఉండకూడదు."

"నీ కోసం కాదు. నాకిష్టమయ్యే ఉంటున్నా," అని ఉద్యోగం సంగతి చెప్పేశాను.

"పిచ్చిమొహమా, ముందే చెప్పి ఏడవచ్చుగా!" అని సుత్తి అందుకున్నాడు. తర్వాత ఇద్దరం బండి లోపల కప్పుకు కొక్కేలు కొట్టి, బాతుల సంచులు వేలాడదీశాం. ముందు మూలలో నేను నిలబడేంత చోటు మిగిలింది. దానికి అమ్మ పాత దుప్పటి తెరగా కట్టాడు.

ఇంతలో నిరుడు వేటకొచ్చినవాళ్లలో ఒకాయన నాన్నకు ఫోన్ చేసి, ఈసారి తెల్లవారుజామున ఏ పొలానికి రావాలో అడిగాడు.

"నన్నడుగుతావేమయ్యా? పట్టు, మా అమ్మాయికిస్తున్నా," అని ఫోన్ నా చేతిలో పెట్టి, నాన్న కాఫీ కలపడానికి లోపలికి వెళ్లాడు.

నీ
ట్రూడీ