జిమ్మర్‌మన్ గారి ఉలిదెబ్బ

రువైస్, గల్ఫ్, దసరా ముందు రోజు, 2015

రేపు పనిముట్ల పూజ. మా వడ్రంగులకు ఒక పూట సెలవు కావాలి. క్యాంప్ బాస్ కుదరదన్నాడు. పెద్దవాణ్ని కాబట్టి నేనే మా జర్మన్ ముదీర్, అంటే మేనేజరు, జిమ్మర్‌మన్ దగ్గరికి వెళ్లి, సెలవు సంగతి ఎత్తకుండా ముందు ఆయన ఇంటిపేరు పురాణం విప్పాను. ఆ మాటకు అర్థమే వడ్రంగి. వెనకటికి వాళ్ల ఊళ్లలో హాన్స్‌లు ఎక్కువైపోయి, ఏ హాన్సో తెలియక చేసే పనిని పేరుకు తగిలించారు. తర్వాత పని పోయినా పేరు మిగిలింది. "మా గదిలో ఉండే వడ్ల రాజయ్యలాగే సార్, వడ్ల అన్నా వడ్రంగే. మీరూ మావాళ్లే" అన్నాను.

ఆయన పడీపడీ నవ్వాడు. "మా తాత పళ్ల డాక్టరు. నాకు మేకు కొట్టడం కూడా రాదు" అన్నాడు. సెలవిచ్చి, పూజకు తానూ వస్తానన్నాడు.

గదికొచ్చి చెబితే రాజయ్య ఎగిరి గంతేశాడు. "మనోడేనా మామా! అయితే పూజయినంక తొలి ఉలిదెబ్బ సార్‌తోనే కొట్టిద్దాం."

"పళ్లు పీకే ఇంటోడురా!"

"అయితేంది? పటకారు గూడ పూజల పెడదాం."

చుట్టరికం కలిపింది నేను. రేపు ఆయన బొటనవేలు తెగితే, వచ్చే దసరాకు సెలవడిగే ముఖం ఎవరికుంటుంది? పూజకని అందరూ ఉలులు నూరి తళతళలాడించి పెట్టారు. ఈ క్యాంపు మొత్తంలో ఒక మొద్దు ఉలి ఎక్కడ దొరుకుతుందో...