నా భుజానికి తగిన తుపాకి

నవంబరు 1979, శనివారం రాత్రి

ఇవాళ్టి నుంచి నేను అధికారికంగా బలహీనుణ్ణి.

ఈ ఏడాది కౌజు పిట్టల వేటలో నాయన, పాత జోడుగొట్టాల తుపాకి బరువుకు, గుట్ట సగంలోనే కూలబడుతున్నాడు. ఆ మాట ఆయన ముందు అనే మొనగాడు మా ఇంట్లో లేడు, ఆయనా ఒప్పుకోడు. అందుకే ఇవాళ అనంతపురం తుపాకుల అంగడిలో నాయన నన్ను ముందుకు తోశాడు.

“మావోడు సదివి సదివి సన్నబడినాడప్పా. వాని భుజానికి తేలికైంది చూపించు.”

అంగడాయన నన్ను ఎగాదిగా చూసి ఒంటిగొట్టం తుపాకి ఒకటి తీశాడు. “తేలికే గానీ అన్నా, ఇది పేలిస్తే భుజాన్ని ఎదురు తన్నుతాది. పిల్లోడు ఓర్చుకుంటాడా?”

“ఏమిరా, ఓర్చుకుంటావా?” నాయన అడిగింది నన్ను, తడుముకున్నది తన కుడిభుజాన్ని.

“ఓర్చుకుంటా నాయనా,” అన్నాను, పెళ్లిచూపుల్లో పిల్లలా తల వంచుకుని.

మడకశిర బస్సులో దాన్ని నన్ను ముట్టుకోనివ్వలేదు. ఇల్లు చేరగానే అమ్మతో, “ఆముదం కాచి పెట్టు, వానికి పనికొస్తాది” అన్నాడు.

పాతదానితో గుట్ట ఎక్కలేడు, కొత్తదానికి భుజం ఆగుతుందో లేదో. వేట మానమంటే అన్నం మానేస్తాడు...

రేపు గుట్ట దిగాక, నాకొచ్చిన నొప్పికి ఆయన భుజం రుద్దాలి.